విండోలో వీడియో ఫ్రేములు చూపించడం: ఎస్‌డీఎల్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లతో మొదటి నుంచి చివరి దాకా

హనుమకొండలో మా దగ్గర సాయంత్రం పూట సీ నేర్చుకునే పిల్లలు సొంతంగా వీడియో ప్లేయర్ రాయడం మొదలుపెడితే, వారం తిరగకుండానే మూడు మాటలు వినిపిస్తాయి. "అన్నా, బొమ్మ వస్తాంది గానీ వంకరగ వస్తాంది." "అన్నా, మిర్చి నీలంగ కనవడుతాంది." "అన్నా, వీడియో ఉరుకుతాంది." మొదటిది వరుస పొడవు లెక్క తప్పడం వల్ల, రెండోది రంగు పొరలు తారుమారు కావడం వల్ల వస్తాయి. మూడోది కాలం లెక్క. మొదటి రెండూ ఒక పూటలో సర్దుకుంటాయి. మూడోదాని దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఫ్రేమును తెరమీద పెట్టడం కష్టం కాదు, దాన్ని సరైన క్షణం దాకా ఆపి పెట్టడమే అసలు పని. అందుకే ఆ భాగానికి ఎక్కువ చోటిచ్చాను.

పరీక్షకు రెండు వీడియోలు దగ్గర పెట్టుకోండి. నా దగ్గర ఒకటి ఎనుమాముల మార్కెట్ యార్డులో తీసిన ఎండు మిర్చి రాశుల వీడియో. ఆ ఎరుపు ఎలా ఉండాలో వరంగల్‌లో ఎవరినీ అడగక్కర్లేదు, కాబట్టి రంగు తప్పితే కంటికి వెంటనే తెలుస్తుంది. రెండోది కాజీపేట ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, ఆగకుండా వెళ్లిపోయే రైలును తీసింది. బోగీ కిటికీలు అడ్డంగా పరుగెత్తుతుంటే కదలికలో చిన్న కుదుపు కూడా దాగదు.

ముందుగా కావాల్సినవి

ఎస్‌డీఎల్ అనేది విండో తెరిచి అందులో బొమ్మ గీసే లైబ్రరీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనేది వీడియో ఫైలు చదివి ఫ్రేములుగా విప్పే లైబ్రరీ. ఉబుంటులో ఎస్‌డీఎల్2 డెవలప్‌మెంట్ ప్యాకేజీ, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వైపు నుంచి ఏవీఫార్మాట్, ఏవీకోడెక్, ఏవీయుటిల్, ఎస్‌డబ్ల్యూస్కేల్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసుకోండి. కంపైల్ చేసేటప్పుడు పీకేజీ-కాన్ఫిగ్ వాడితే లైబ్రరీల దారులు అదే చూసుకుంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో రాస్తుంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ హెడర్లను ఎక్స్‌టర్న్ సీ బ్లాకులో పెట్టాలి, లేకపోతే లింకర్ ఏ ఫంక్షనూ దొరకలేదని అంటుంది.

ఫంక్షన్ల పేర్లను ఇక్కడ మనం పలికినట్టే రాస్తున్నాను. టైప్ చేయడానికి ఒక్క సూత్రం చాలు. ఎస్‌డీఎల్ పేర్లలో ఎస్‌డీఎల్ తర్వాత అండర్‌స్కోర్, ఆ తర్వాత ప్రతి పదం పెద్దక్షరంతో మొదలై ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఫంక్షన్లు అన్నీ చిన్నక్షరాలే, పదాల మధ్య అండర్‌స్కోర్లు. కొన్నిచోట్ల ముందుండే ఎస్‌డీఎల్, ఏవీఫార్మాట్, ఏవీకోడెక్ అన్న మాటలు వదిలేశాను, టైప్ చేసేటప్పుడు కలుపుకోండి.

పాత కోడ్‌తో జాగ్రత్త. ఎస్‌డీఎల్‌ను శామ్ లాంటింగా 1998లో మొదలుపెట్టారు, ఎస్‌డీఎల్2 2013లో వచ్చింది, ఎస్‌డీఎల్3 స్థిరమైన విడుదల 2025 జనవరిలో. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో ఆరంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా ఇన్నేళ్లలో చాలా మారింది. మీరు చూస్తున్న కోడ్‌లో సెట్ వీడియో మోడ్, వైయూవీ ఓవర్‌లే అని కనిపిస్తే అది ఎస్‌డీఎల్ 1.2 నాటిది. ఏవీ రిజిస్టర్ ఆల్, ఏవీకోడెక్ డీకోడ్ వీడియో2 కనిపిస్తే, ఆ రెండింటినీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 5.0లో తీసేశారు. అలాంటి కోడ్‌ను బాగుచేయడంకన్నా కొత్తగా రాయడమే తేలిక. నేను ఎస్‌డీఎల్2 పేర్లే వాడుతున్నాను. ఎస్‌డీఎల్3కి వెళ్లేవాళ్లకు ఇక్కడ ముఖ్యంగా తగిలే తేడాలు మూడు: రెండర్ కాపీ పేరు రెండర్ టెక్స్‌చర్ అయింది, క్రియేట్ విండోకు ఎక్కడ తెరవాలో చెప్పే రెండు అంకెలు ఇవ్వక్కర్లేదు, వీసింక్‌ను (తెర రిఫ్రెష్ అయ్యే వేగానికి బొమ్మను కలిపేది) విడిగా సెట్ చేయాలి.

వీడియో లేకుండానే విండో

ఫైలు జోలికి పోకముందే విండోలో ఒక రంగు రప్పించండి. ఈ మెట్టు దాటేస్తే, తర్వాత తప్పు డీకోడర్‌లో (కుదించిన వీడియోను ఫ్రేములుగా విప్పే భాగం) ఉందో తెరలో ఉందో తేల్చుకోలేక రోజులు పోతాయి.

ఎస్‌డీఎల్ ఇనిట్‌ను వీడియో ఫ్లాగ్‌తో పిలవండి. క్రియేట్ విండోతో 640×480 విండో, రీసైజబుల్ ఫ్లాగ్ పెట్టి. క్రియేట్ రెండరర్‌కు యాక్సిలరేటెడ్, ప్రెజెంట్ వీసింక్ ఫ్లాగులు రెండూ ఇవ్వండి. రెండరర్ అంటే విండోలో గీసే భాగం. ఆ తర్వాత ఫ్రేము బొమ్మను గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంచే టెక్స్‌చర్ కోసం క్రియేట్ టెక్స్‌చర్: ఫార్మాట్ ఐవైయూవీ, యాక్సెస్ స్ట్రీమింగ్, కొలతలు 640, 480.

ఐవైయూవీ అంటే ఏమిటో ఇక్కడే అర్థం చేసుకోవాలి. మన ఫోన్లు తీసే వీడియోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా దాచరు. వెలుగు ఎంతో చెప్పే వై పొర ఒకటి, రంగు చెప్పే యూ, వీ పొరలు రెండు. మన కన్ను వెలుగులో తేడాను పట్టుకున్నంత బాగా రంగులో తేడాను పట్టుకోలేదు, అందుకే రంగు పొరలను నిలువులో సగం, అడ్డంలో సగం చేసి దాస్తారు. 1920×1080 ఫ్రేములో వై పొర 20,73,600 బైట్లు, యూ, వీ ఒక్కొక్కటి 5,18,400 బైట్లు. మొత్తం 31,10,400. అదే ఫ్రేమును మూడు రంగుల్లో దాస్తే 62,20,800 అయ్యేది, అంటే సరిగ్గా రెట్టింపు. ఈ మూడు పొరలను రంగులుగా మార్చే పని గ్రాఫిక్స్ కార్డు క్షణంలో చేసేస్తుంది కాబట్టి, మనం మార్చకుండా అలాగే అప్పగించడం మేలు.

ఇప్పుడు మూడు బఫర్లు తీసుకుని, వై అంతా 81, యూ అంతా 90, వీ అంతా 240 నింపండి. అప్‌డేట్ వైయూవీ టెక్స్‌చర్‌కు ఇవ్వండి. పిచ్ అంటే ఒక వరుస మొదలు నుంచి తర్వాతి వరుస మొదలుకు ఉన్న బైట్లు. వై పిచ్ 640, యూ, వీ పిచ్‌లు 320. తర్వాత రెండర్ క్లియర్, రెండర్ కాపీ, రెండర్ ప్రెజెంట్. విండో నిండా మిర్చి ఎరుపు రావాలి.

వచ్చిందా? ఇప్పుడు కావాలనే తప్పు చేయండి. యూ, వీ బఫర్లను అటుదిటు ఇటుదటు చేసి ఇవ్వండి. ఎరుపు కాస్తా ముదురు నీలం అవుతుంది. మా పిల్లవాడి మిర్చి నీలంగా కనిపించింది ఇందుకే: వైవీ12 అనే ఫార్మాట్‌లో వీ పొర ముందు, యూ పొర వెనక ఉంటాయి, అతను టెక్స్‌చర్‌ను ఒక ఫార్మాట్‌లో చేసి ఫ్రేమును ఇంకో వరుసలో కాపీ చేశాడు. తంగేడు పూల పసుపు అయితే ఆకాశనీలంలోకి తిరుగుతుంది. మూడు బఫర్లలోనూ సున్నాలు నింపి చూడండి, నలుపు రాదు, ముదురు ఆకుపచ్చ వస్తుంది. నలుపు కావాలంటే వై 16, యూ, వీ 128 ఉండాలి. ఈ రెండు రంగులనూ గుర్తుపెట్టుకోండి. ఎప్పుడైనా వీడియో నీలానికి తిరిగితే పొరలు మారాయని, ఆకుపచ్చగా వస్తే రంగు పొరల్లోకి డేటా చేరలేదని డీబగ్గర్ తెరవకుండానే చెప్పగలుగుతారు.

విండో బతికుండాలంటే ఈవెంట్ల లూప్ తప్పనిసరి. ప్రతి చుట్టులో పోల్ ఈవెంట్ ఖాళీ అయ్యేదాకా చదవాలి, క్విట్ వస్తే బయటికి రావాలి. దీన్ని మరిచిపోతే కొద్ది సెకన్లకే విండో స్పందించట్లేదని ఆపరేటింగ్ సిస్టమ్ చెబుతుంది. విండో, రెండరర్ పనులన్నీ మెయిన్ థ్రెడ్‌లోనే చేయండి.

ఫైలు తెరవడం

ఇది త్వరగా అయిపోయే భాగం. ఏవీఫార్మాట్ ఓపెన్ ఇన్‌పుట్‌తో ఫైలు తెరవండి, ఫైండ్ స్ట్రీమ్ ఇన్ఫో పిలవండి, ఏవీ ఫైండ్ బెస్ట్ స్ట్రీమ్‌తో వీడియో స్ట్రీమ్ నంబరు తెలుసుకోండి. ఫైలులో వీడియో, ఆడియో వేర్వేరు స్ట్రీములుగా ఉంటాయి. ఆ స్ట్రీమ్ కోడెక్ ఐడీతో ఏవీకోడెక్ ఫైండ్ డీకోడర్. తర్వాత అల్లాక్ కాంటెక్స్ట్3, పారామీటర్స్ టు కాంటెక్స్ట్, ఓపెన్2, ఇదే వరుసలో. పారామీటర్లు కాపీ చేయడం మరిచిపోతే డీకోడర్‌కు కొలతలే తెలియవు. ప్రతి ఫంక్షన్ ఇచ్చే విలువను చూడండి, సున్నాకన్నా తక్కువ అయితే ఏవీ ఎస్‌టీఆర్‌ఎర్రర్‌తో (ఎస్‌టీఆర్, ఎర్రర్ మధ్య అండర్‌స్కోర్ లేదు) దాన్ని మాటల్లోకి మార్చి ప్రింట్ చేయండి.

అన్నీ తెరుచుకున్నాక పిక్సెల్ ఫార్మాట్ ఏమిటో ప్రింట్ చేసి చూడండి. వైయూవీ 420పీ అయితే, అంటే పైన చెప్పిన మూడు పొరల అమరికే అయితే, నేరుగా ముందుకు వెళ్లొచ్చు. హెచ్‌డీఆర్‌లో తీసిన ఫోన్ వీడియోల్లో ఒక్కో పొరలో ఒక్కో విలువకు 10 బిట్లు ఉంటాయి, వాటిని ఎస్‌డబ్ల్యూస్కేల్‌తో 420పీకి మార్చాకే టెక్స్‌చర్‌కు ఇవ్వాలి. హెచ్‌డీఆర్ రంగులు అలా మారిస్తే కాస్త వెలిసినట్టు వస్తాయి, మొదటి ప్లేయర్‌కు అది ఫరవాలేదు.

ప్యాకెట్ లోపలికి, ఫ్రేము బయటికి

ఏవీ రీడ్ ఫ్రేమ్ అనే పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అది ఇచ్చేది ఫ్రేము కాదు, కుదించిన డేటా ఉన్న ప్యాకెట్. ఆ ప్యాకెట్ మన వీడియో స్ట్రీమ్‌దే అయితే సెండ్ ప్యాకెట్‌తో డీకోడర్‌కు ఇస్తాం, రిసీవ్ ఫ్రేమ్‌తో అసలు ఫ్రేము తీసుకుంటాం.

ఒక ప్యాకెట్ వేస్తే ఒక ఫ్రేము వస్తుందని అనుకోవద్దు. వీడియో కుదింపులో బీ-ఫ్రేములు అనేవి తమ వెనకటి ఫ్రేమునే కాక ముందు రాబోయే ఫ్రేమును కూడా ఆధారం చేసుకుంటాయి. అందుకని ఫైలులో ప్యాకెట్ల వరుస వేరు, చూపించాల్సిన వరుస వేరు. డీకోడర్ ఆ వరుసను సరిచేసి ఇస్తుంది, దానికోసం కొన్ని ప్యాకెట్లు తన దగ్గరే పట్టి ఉంచుకుంటుంది. రిసీవ్ ఫ్రేమ్ నుంచి ఈ-అగైన్ వస్తే అది తప్పు కాదు, ఇంకో ప్యాకెట్ ఇమ్మని అడుగుతోందని అర్థం. ఒక్కోసారి ఒకే ప్యాకెట్ తర్వాత రెండు మూడు ఫ్రేములు రావొచ్చు, కాబట్టి ఈ-అగైన్ వచ్చేదాకా రిసీవ్‌ను లూపులో పిలుస్తూనే ఉండాలి.

ఫైలు చివర కూడా ఇదే సంగతి. నేను మొదటిసారి రాసినప్పుడు కాజీపేట రైలు వీడియోలో చివరి బోగీ వెనక ఉండే ఇంటూ గుర్తు కనపడకుండానే విండో మూసుకుపోయేది. ఫోన్‌లో చూస్తే ఉంది, నా ప్లేయర్‌లో లేదు. డీకోడర్ కడుపులో మిగిలిపోయిన ఫ్రేములవి. ప్యాకెట్లు అయిపోయాక సెండ్ ప్యాకెట్‌కు నల్ ఇచ్చి, రిసీవ్ నుంచి ఈఓఎఫ్ (ఇక ఫ్రేములు లేవన్న సూచన) వచ్చేదాకా తీసుకుంటే ఆ బోగీ వచ్చింది.

ఇక ప్రతి ప్యాకెట్ వాడకం అయ్యాక ఏవీ ప్యాకెట్ అన్‌రెఫ్ పిలవాలి, మన స్ట్రీమ్‌ది కాని ఆడియో ప్యాకెట్‌కు కూడా. సెకనుకు 16 మెగాబిట్ల వీడియో అయితే సెకనుకు 2 మెగాబైట్ల ప్యాకెట్లు వస్తాయి. వదలకపోతే పది నిమిషాల్లో 1,200 మెగాబైట్లు మింగేస్తుంది.

ఫ్రేమును టెక్స్‌చర్‌లోకి ఎక్కించడం

వీడియో కొలతలతో ఐవైయూవీ స్ట్రీమింగ్ టెక్స్‌చర్ ఒక్కసారి చేసుకుని, ప్రతి ఫ్రేముకూ దాన్నే వాడండి. లూపులో ప్రతిసారీ కొత్తది చేయొద్దు. అప్‌డేట్ వైయూవీ టెక్స్‌చర్‌కు ఫ్రేములోని డేటా 0, 1, 2 పాయింటర్లు, వాటి పక్కనే లైన్‌సైజ్ 0, 1, 2 ఇవ్వాలి.

బొమ్మ వంకరగా వచ్చేది ఇక్కడే. పిచ్ అన్న చోట వీడియో వెడల్పు ఇచ్చేస్తారు. వరి మడిని తలుచుకోండి: పంట ఉన్న వెడల్పు ఒకటి, పక్క మడిలో కాలు పెట్టాలంటే దాటాల్సిన దూరం ఇంకోటి, మధ్యలో గట్టు ఉంటుంది. ప్రాసెసర్ వేగంగా చదవడానికి వీలుగా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రతి వరుస చివర కొన్ని బైట్ల గట్టు వదులుతుంది. వీడియో వెడల్పు 854 అయితే లైన్‌సైజ్ 896 ఉండొచ్చు. మీరు 854 అని చెబితే ప్రతి వరుసా 42 బైట్లు ముందే మొదలవుతుంది, వరుస వరుసకూ ఆ తేడా పేరుకుని బొమ్మ మొత్తం ఏటవాలుగా చీలికలు చీలికలుగా జారిపోతుంది. 1920 వెడల్పు వీడియోలో వెడల్పూ లైన్‌సైజూ ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ, అందుకని ఒక ఫైలులో బాగా వచ్చి ఇంకో ఫైలులో చెడిపోతుంది. రెండు రోజులు ఫైలునే అనుమానిస్తూ కూర్చున్నవాళ్లను చూశాను. లైన్‌సైజ్ ఇస్తే అక్కడితో సరి.

రంగు ఇంకా కచ్చితంగా రావాలంటే, టెక్స్‌చర్ చేయకముందే సెట్ వైయూవీ కన్వర్షన్ మోడ్‌ను ఆటోమేటిక్‌లో పెట్టండి. చిన్న వీడియోలకు బీటీ 601, హెచ్‌డీ వీడియోలకు బీటీ 709 లెక్క అదే ఎంచుకుంటుంది. ఆ లెక్క తప్పితే మిర్చి నీలంగా మారదు గానీ, ఎరుపులో నిగారింపు తేడాగా ఉంటుంది.

కాలం

ఇప్పటిదాకా రాసింది నడిపితే రైలు రాకెట్‌లా దూసుకుపోతుంది, లేదా వీసింక్ ఉన్న 60 హెర్ట్జ్ మానిటర్‌పై సెకనుకు 60 ఫ్రేముల వేగంతో పరుగెత్తుతుంది. అప్పుడు అందరూ చేసే పని, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎస్‌డీఎల్ డిలే 40 పెట్టడం. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కోదానికి 40 మిల్లీసెకన్లు, లెక్క సరిగ్గానే ఉన్నట్టుంటుంది. కానీ డీకోడ్ చేసి టెక్స్‌చర్ ఎక్కించడానికి 8 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, ఒక్కో ఫ్రేము 48 తీసుకుంటుంది. నిమిషం వీడియోలో 1,500 ఫ్రేములు, మొత్తం 72 సెకన్లు. నిమిషానికి 12 సెకన్ల ఆలస్యం. పైగా ఫోన్లు తీసే వీడియోలో ఫ్రేముల మధ్య ఎడం ఎప్పుడూ ఒకేలా ఉండదు, వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గుతాయి.

చేర్యాల పటం విప్పి కథ చెప్పేవాళ్లను చూసినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు, పటంలో ఒక వరుస బొమ్మల కథ పాడి ముగించేదాకా తర్వాతి వరుస విప్పరు. ఒక ఘట్టం పొడవు, ఒకటి పొట్టి. పటం తిప్పేది అంకెలు లెక్కపెట్టి కాదు, కథ ఎక్కడికి వచ్చిందో చూసి. మన ప్లేయర్‌లో ఆ కథ స్థానంలో ఉండేది పీటీఎస్, అంటే ప్రతి ఫ్రేము మీదా రాసి ఉండే 'నన్ను ఎప్పుడు చూపించాలి' అన్న అంకె.

ఫ్రేములోని బెస్ట్ ఎఫర్ట్ టైమ్‌స్టాంప్ తీసుకోండి. అది సెకన్లలో ఉండదు, స్ట్రీమ్ టైమ్ బేస్‌లో ఉంటుంది. టైమ్ బేస్ 90,000లో ఒక వంతు అయితే, 3,000 అంటే సెకనులో ముప్పయ్యో వంతు, 90,000 అంటే ఒక సెకను. ఏవీ క్యూ2డీతో టైమ్ బేస్‌ను దశాంశ సంఖ్యగా మార్చి గుణించండి. టైమ్ బేస్ స్ట్రీమ్‌దే తీసుకోవాలి, డీకోడర్ కాంటెక్స్ట్‌ది కాదు. రెండూ వేరుగా ఉండే ఫైళ్లలో వేగం చిత్రవిచిత్రంగా మారుతుంది.

మొదటి ఫ్రేము చూపించే క్షణంలో, ఎస్‌డీఎల్ మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే గెట్ టిక్స్64 విలువను 'ఆరంభం'గా, ఆ ఫ్రేము పీటీఎస్‌ను 'మొదటి పీటీఎస్'గా దాచుకోండి. అన్ని ఫైళ్లలో పీటీఎస్ సున్నాతో మొదలవదు, అందుకని రెండోది కావాలి. ఆ తర్వాత ప్రతి ఫ్రేముకూ గడువు ఇలా వస్తుంది: దాని పీటీఎస్‌లోంచి మొదటి పీటీఎస్ తీసేసి, మిల్లీసెకన్లుగా మార్చి, ఆరంభానికి కలపాలి. ఇప్పటి సమయం గడువుకన్నా తక్కువగా ఉంటే ఆగాలి. ప్రతి ఫ్రేమునూ ఆరంభం నుంచే కొలుస్తున్నాం, ముందటి ఫ్రేము నుంచి కాదు. కాబట్టి ఒక చోట ఆలస్యమైనా అది తర్వాతివాటి మీద పడదు.

ఆగడం కూడా ఒక్క దెబ్బలో చేయొద్దు. డిలే అడిగినదానికన్నా కాస్త ఎక్కువే నిద్రపోవచ్చు, పైగా ఆ నిద్రలో కీబోర్డు, మౌస్ పట్టించుకోరు. గడువుకు 10 మిల్లీసెకన్లకన్నా ఎక్కువ ఉన్నంతసేపు 5 మిల్లీసెకన్ల చొప్పున ఆగుతూ, మధ్యలో ఈవెంట్లు చదవండి. మిగిలిన కొద్దిపాటి సమయాన్ని 1 మిల్లీసెకను చొప్పున దాటండి. ఇక గడువు ఇప్పటికే 40 మిల్లీసెకన్లకన్నా ఎక్కువ దాటిపోయి ఉంటే ఆ ఫ్రేమును చూపించకుండా వదిలేయండి. డీకోడ్ మాత్రం చేయాల్సిందే, దాన్ని ఆధారం చేసుకున్న ఫ్రేములు వెనక వస్తుంటాయి.

స్పేస్ నొక్కితే ఆపాలనుకుంటే, ఆగి ఉన్న సమయం ఎంతో కొలిచి ఆరంభానికి కలపండి. కలపకపోతే మళ్లీ మొదలవగానే ఫ్రేములన్నీ గడువు దాటినవే అవుతాయి, వరసపెట్టి మాయమవుతాయి.

60 హెర్ట్జ్ తెరమీద 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము రెండు రిఫ్రెష్‌లు, ఇంకోటి మూడు రిఫ్రెష్‌లు నిలుస్తుంది. రైలు కిటికీల్లో కనిపించే ఆ కొద్దిపాటి అదురు మీ కోడ్ తప్పు కాదు. 30 ఫ్రేముల వీడియో పెట్టి చూస్తే అది ఉండదు.

ఆకారం

విండో సాగదీస్తే బొమ్మ కూడా సాగకూడదు. రెండర్ సెట్ లాజికల్ సైజ్‌కు వీడియో కొలతలు ఇస్తే మిగిలిన చోట నల్ల పట్టీలు అదే వేస్తుంది. టెక్స్‌చర్ చేసేముందు స్కేల్ క్వాలిటీ హింట్‌ను లీనియర్‌గా పెట్టండి, అంచులు గరుకుగా రావు. ఇంట్లో పాత పెళ్లి డీవీడీలు ఉంటే అవి 720×576 ఉంటాయి, కానీ వాటి చుక్కలు చదరంగా ఉండవు. 4:3 తెరకు 768×576గా చూపించాలి, లేకపోతే పెళ్లికొడుకు సన్నబడిపోతాడు. శాంపిల్ ఆస్పెక్ట్ రేషియో చూసి వెడల్పును గుణించండి.

ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన వీడియో పడుకుని కనిపిస్తే, తిప్పాల్సిన కోణం స్ట్రీమ్ వెంట డిస్‌ప్లే మ్యాట్రిక్స్‌గా ఉంటుంది. ఏవీ డిస్‌ప్లే రొటేషన్ గెట్ ఇచ్చే కోణం గడియారానికి ఎదురు దిశలో ఉంటుంది, రెండర్ కాపీ ఈఎక్స్ గడియారం దిశలో తిప్పుతుంది. గుర్తు మార్చి ఇవ్వండి.

మూయడం, సరిచూడడం

మూసేటప్పుడు టెక్స్‌చర్, రెండరర్, విండో, ఆఖర్న ఎస్‌డీఎల్ క్విట్. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వైపు ఫ్రేము, ప్యాకెట్, కోడెక్ కాంటెక్స్ట్, క్లోజ్ ఇన్‌పుట్.

మిర్చి వీడియో రంగు చూశారు, రైలు వీడియో కదలిక చూశారు. కాలానికి ఇంకో వీడియో తీయండి. సెకను ముల్లు ఉన్న గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ఫోన్‌లో తీసి, మీ ప్లేయర్‌లో నడపండి. అదే గోడ గడియారం కింద కూర్చుని, విండోలో ముల్లు 12 మీదికి వచ్చిన క్షణంలో గోడ మీద ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. వీడియో పూర్తయ్యేలోపు అలా నాలుగుసార్లు రాయండి. నాలుగు అంకెలూ ఒకటే అయితే మీ కాలం లెక్క సరిగ్గా ఉంది. ఒక్కోసారికి కొంత కొంత పెరుగుతూ పోతుంటే ఎక్కడో ముందటి ఫ్రేము నుంచే ఇంకా కొలుస్తున్నారు, ఆ వరుస వెతికి ఆరంభం నుంచి కొలిచేలా మార్చండి.